జీతం చేతికి వచ్చిన తరువాత
కార్మిక విద్యా తరగతిలో సమాఖ్య పక్షాన చేసిన ప్రసంగ పాఠం



ఈ తరగతిలో ఇంతవరకు వేతన ఒప్పందాలను గురించి, చట్టాలను గురించి చర్చించుకున్నాము. ఈ పూట మాకు అప్పగించిన విషయం వేరు. జీతం పెంచుకోవడం ఎట్లా అన్నది కాదు, వచ్చిన జీతాన్ని నిలుపుకోవడం ఎట్లా అన్నది. ఈ మాట ఎత్తడానికి కార్మిక సంఘాల వేదికలపై సాధారణంగా కొంత సంకోచం ఉంటుంది. అందుకు కారణం లేకపోలేదు. కార్మికునికి పొదుపు తెలియదు, తెచ్చినదంతా తగలేస్తాడు, అందుకే పేదవాడుగా ఉన్నాడు అనే మాట యాజమాన్యాల నోట తరతరాలుగా వింటున్నాము. వేతనం పెంచమని అడిగినప్పుడల్లా పొదుపు పాఠం చెప్పడం వారికి అలవాటు. ఆ పాఠాన్ని మేము ఇక్కడ వల్లించబోము. నెలకు పన్నెండు వేలతో నలుగురిని పోషించే కాంట్రాక్టు కార్మికురాలికి దుబారా కూడదని ఉపన్యసించడం ఆమెను అవమానించడమే. ఆమె చేసే పొదుపు ఏ ఆర్థికమంత్రి చేతనూ కాదు.

అయినప్పటికీ ఇది సంఘం పట్టించుకోవలసిన విషయమే. ఎందుకో చెబుతాము. 1929లో నియమితమై 1931లో నివేదిక ఇచ్చిన రాయల్ కమిషన్, మనం విట్లీ కమిషన్ అని పిలుచుకునేది, దేశంలోని పారిశ్రామిక కేంద్రాలు తిరిగి చూసింది. చాలా కేంద్రాలలో కార్మిక కుటుంబాలలో మూడింట రెండు వంతులకు తక్కువ కాకుండా అప్పుల్లో ఉన్నాయని, వారిలో అత్యధికుల అప్పు మూడు నెలల జీతాన్ని మించి ఉన్నదని ఆ కమిషన్ అంచనా వేసింది. జీతం రోజున గేటు బయట కర్ర పట్టుకుని నిలబడి వసూలు చేసుకునే వడ్డీ వ్యాపారులను గురించి కూడా ఆ నివేదిక చెప్పింది. ఆ తరువాతనే 1936లో వేతనాల చెల్లింపు చట్టం వచ్చింది. ఇప్పుడు గేటు బయట కర్ర కనిపించదు. జీతం బ్యాంకులో పడుతున్నది. అయితే కొన్నిచోట్ల కార్మికుని ఏ.టి.ఎం. కార్డు, దాని రహస్య సంఖ్య రెండూ వడ్డీ వ్యాపారి జేబులో ఉంటున్నాయి. జీతం పడిన గంటలో అతను తన వాటా తీసుకుని మిగిలినది కార్మికునికి ఇస్తాడు. కర్ర పోయింది గాని పని పోలేదు.

అప్పు మెడమీద ఉన్న కార్మికుడు ఓవర్‌టైం వద్దనలేడు. ప్రమాదకరమైన యంత్రం దగ్గర పని చేయనని చెప్పలేడు. సమ్మె నోటీసుపై చెయ్యెత్తేటప్పుడు అతని కళ్ల ముందు మేనేజరు ఉండడు, వాయిదా తేదీ ఉంటుంది. 1974 మే 8 నుంచి 27 వరకు దేశవ్యాప్తంగా రైల్వే సమ్మె నడిచింది. 1982 జనవరిలో బొంబాయి బట్టల మిల్లులలో ప్రారంభమైన సమ్మె ఏడాదికి పైగా సాగింది. సుమారు రెండున్నర లక్షలమంది పాల్గొన్న ఆ సమ్మెలో తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లి మిల్లులలో చేరిన తెలుగు కార్మికులు కూడా ఉన్నారు. స్వగ్రామంలో తిండిగింజలు దొరికేవారు ఊరికి వెళ్లి నిలదొక్కుకున్నారు. ఆ ఆధారం లేనివారు చాళ్లలో కిరాణా కొట్టు అరువుపై బతికారు. సమ్మెల గెలుపోటములకు కారణాలు అనేకం, వాటి చర్చ ఇప్పుడు కాదు. మేము చెప్పదలచినది ఇంతే: జీతం లేకుండా ఇల్లు ఎన్ని రోజులు నడుస్తుంది అన్న లెక్క సభ్యునికే కాదు, సంఘానికీ అవసరం.

ఇక మొదటి అలవాటు. చాలామంది అనుకునేట్లు అది ఖర్చు తగ్గించుకోవడం కాదు, జీతపు చీటీ చదవడం. మన సభ్యులలో ఎక్కువమంది చీటీలో చివరి అంకె మాత్రమే చూస్తారు. ఫోనుకు సందేశం వస్తుంది, ఇంత జమ అయినదని. అంతటితో సరి. అసలు డబ్బు పోయేదీ నిలిచేదీ ఆ చీటీ మధ్యలో ఉన్న గడులలోనే.

2025 నవంబరు 21న వేతనాల కోడ్‌తో సహా నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చాయి. వాటిపై సంఘాల అభ్యంతరాలు మీకు తెలిసినవే, ఇక్కడ మళ్లీ ఏకరువు పెట్టము. చట్టం మనకు నచ్చకపోయినా, అందులో పనికివచ్చే వాక్యాన్ని వదులుకోవడం తెలివైన పని కాదు. వేతన చీటీ ఇవ్వడం యజమాని విధి. నెల జీతం తరువాతి నెల ఏడవ తేదీ దాటకుండా ఇవ్వాలి. మూల వేతనం, కరువు భత్యం తక్కువగా చూపి మిగిలినదంతా ఇంటి అద్దె భత్యం, ప్రయాణ భత్యం వంటి పేర్లతో ఇచ్చే పద్ధతి మనకు కొత్త కాదు. ఆ భత్యాలు మొత్తం జీతంలో సగాన్ని మించితే, మించిన భాగాన్ని వేతనంగానే లెక్కించాలని కోడ్ చెబుతున్నది.

దీని వలన కార్మికునికి ఒరిగేది ఏమిటి? ఒక లెక్క చూద్దాము. ఒకరి జీతం మొత్తం 24,000 రూపాయలు. చీటీలో మూల వేతనం, కరువు భత్యం కలిపి 8,000 మాత్రమే చూపారు. గ్రాట్యుటీ లెక్క సంవత్సరానికి పదిహేను రోజుల వేతనం. నెలను 26 రోజులుగా తీసుకుంటారు. 8,000 మీద ఇరవై ఏళ్ల సర్వీసుకు గ్రాట్యుటీ సుమారు 92,300 రూపాయలు. సగం నిబంధన ప్రకారం లెక్కకు తీసుకోవలసిన వేతనం 12,000. దాని మీద 1,38,400 పై చిలుకు. తేడా నలభై ఆరు వేలు. ఏ ఇంట్లోనూ కందిపప్పు, నూనె దగ్గర ఆదా చేసి నలభై ఆరు వేలు కూడబెట్టడం తేలిక కాదు. చీటీలో ఒక గడి చూసుకోకపోవడం వలన అంత పోతుంది.

ప్రావిడెంటు ఫండు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే మనలో చాలామందికి ఉన్న ఒకే ఒక పెద్ద పొదుపు అదే. 2014 సెప్టెంబరు నుంచి ఉన్న 15,000 రూపాయల పరిమితి ప్రకారం చూస్తే, కార్మికుని నుంచి 12 శాతం, అనగా 1,800 కోస్తారు. యాజమాన్యం మరో 1,800 ఇస్తుంది. అందులో 1,250 పెన్షన్ పథకానికి వెళ్లగా 550 ఫండులో చేరుతుంది. నెలకు మొత్తం 2,350 రూపాయలు మన ఖాతాలో జమ కావాలి. కావాలి అంటున్నాము, అయింది అనడం లేదు. జీతం నుంచి కోసిన డబ్బును ఖాతాలో జమ చేయని యాజమాన్యాలు, ముఖ్యంగా కాంట్రాక్టర్లు, ఉన్నారు. యు.ఏ.ఎన్. అనే పన్నెండు అంకెల సంఖ్య ప్రతి సభ్యునికీ ఉంటుంది. దానితో పాస్‌బుక్కు చూసుకోవచ్చు. మూడు నెలలకు ఒకసారి జీతపు చీటీని, పాస్‌బుక్కును పక్కపక్కన పెట్టి చూడండి. జమ కాలేదని మూడు నెలలకు తెలిస్తే వసూలు చేయించడం సాధ్యం. కాంట్రాక్టరు మారి, పాత కాంట్రాక్టరు చిరునామా కూడా దొరకని ఆరేళ్ల తరువాత తెలిస్తే ఆ పోరాటం ఎంత కష్టమో మన శాఖల కార్యదర్శులను అడగండి.

ఆ డబ్బును మధ్యలో తీయడం గురించి ఒక మాట. 2024–25 సంవత్సరానికి ఫండుపై ప్రకటించిన వడ్డీ 8.25 శాతం. ఆ రేటే కొనసాగినదని అనుకుంటే, ఈ రోజు తీసిన 50,000 రూపాయలు పదిహేనేళ్ల తరువాత సుమారు 1,64,000 అయి ఉండేవి. వైద్యానికి తీసుకుంటే ఎవరూ తప్పు పట్టరు. డబ్బు ఉన్నది అటువంటి రోజు కొరకే. ఉద్యోగం మారినప్పుడల్లా ఖాతాను బదిలీ చేయించుకోకుండా మొత్తం ఊడ్చి తీసుకోవడం మాత్రం వేరే సంగతి. పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి. పెన్షన్ డబ్బు కూడా తీసుకున్నవారి పాత సర్వీసు లెక్కలోకి రాదు. 2014లో నిర్ణయించిన వెయ్యి రూపాయల కనీస పెన్షన్ ఎంత హాస్యాస్పదమైనదో మాకూ తెలుసు, దానిని పెంచమనే కోరిక మన డిమాండ్లలో ఉన్నదే. అయినా సర్వీసు చేజార్చుకున్నవారికి, పెంచిన రోజున కూడా ఏమీ రాదు.

ఇప్పుడు అప్పుల సంగతి. అప్పు లేని కార్మికుడు లేడు. అప్పు చేయవద్దని చెప్పడం వలన ప్రయోజనం లేదు. ఏ అప్పు ఎంత ఖరీదైనదో తెలుసుకోవడమే అలవాటు కావాలి. ఇందులో అప్పు ఇచ్చేవారి నేర్పు ఏమిటంటే, ఒక్కొక్కరు ఒక్కొక్క భాషలో వడ్డీ చెబుతారు. సహకార సంఘం సంవత్సరానికి 12 శాతం అంటుంది. బండి అమ్మే ఫైనాన్స్ కంపెనీ కూడా 12 శాతమే అంటుంది. క్రెడిట్ కార్డువారు నెలకు మూడున్నర శాతం అంటారు. రోజువారీ ఫైనాన్స్‌వాడు, తెలంగాణలో గిరిగిరి అనేవాడు, శాతం మాటే ఎత్తడు. పదివేలకు పదిహేను వందలు ముందే పట్టుకుని 8,500 చేతిలో పెడతాడు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టమంటాడు.

మన ఊళ్లలో వడ్డీకి చక్కని కొలత ఒకటి ఉన్నది: నూటికి నెలకు ఎన్ని రూపాయలు? అన్నిటినీ ఆ కొలతలోకి మార్చి చూడండి. అసలు తగ్గినకొద్దీ వడ్డీ తగ్గే సహకార సంఘం అప్పు రూపాయి వడ్డీ. బండి ఫైనాన్స్ లెక్క అట్లా ఉండదు. 60,000 అప్పుకు రెండేళ్ల వడ్డీ 14,400 ముందే కలిపి, నెలకు 3,100 చొప్పున 24 వాయిదాలు వేస్తారు. నెలనెలా అసలు తీరిపోతున్నా వడ్డీ మాత్రం మొదటి 60,000 మీదనే పడుతుంది. న్యాయంగా లెక్కిస్తే అది రూపాయి ఎనభై పైసల వడ్డీ. పేరు అదే 12 శాతం, ధర దాదాపు రెట్టింపు. క్రెడిట్ కార్డు బాకీ మూడున్నర రూపాయల వడ్డీ. ఇక రోజువారీ ఫైనాన్స్. వంద రోజులకు పదిహేను వందలే కదా అని తీసుకున్నవారు అనుకుంటారు. కాని మర్నాటి నుంచే తిరిగి కట్టడం మొదలవుతుంది కనుక, సగటున మన చేతిలో ఉండేది 8,500లో సగమే. లెక్క తేల్చితే అది నూటికి నెలకు సుమారు పది రూపాయల వడ్డీ. సంవత్సరానికి నూటికి నూట ఇరవై. నల్లబల్లపై ఈ లెక్క వేసి చూపినప్పుడు ప్రతి తరగతిలోనూ కొంతసేపు ఎవరూ మాట్లాడరు.

ఈ కొలత అలవాటయితే బోనస్ డబ్బుతో ఏ అప్పు తీర్చాలో దానంతట అదే తెలుస్తుంది. మన అనుభవంలో కార్మికులు గట్టిగా అరిచేవాడికి ముందు కడతారు, మర్యాదగా అడిగేవాడికి తరువాత కడతారు. తీర్చవలసినది అందరికంటె ఎక్కువ వడ్డీ తినే అప్పును. పది రూపాయల వడ్డీ అప్పును రూపాయి వడ్డీ అప్పుతో తీర్చడం ఒక్కొక్కసారి నెల జీతం పెరిగినంత మేలు చేస్తుంది. ఇంట్లో నగ ఉండగా పరువు పోతుందని బ్యాంకులో తాకట్టు పెట్టకుండా, వీధిలో ఐదు రూపాయల వడ్డీకి తెచ్చే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. బ్యాంకు తాకట్టు వడ్డీ అందులో చిన్న భాగమే. పరువు ఎక్కడ పోతున్నదో ఆ ఇంటివారే ఆలోచించుకోవాలి.

బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ఇచ్చే వ్యక్తిగత రుణాలకు 2024 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు ఒక నియమం పెట్టింది. రుసుములన్నీ కలిపిన వార్షిక రేటు ఎంతో ఒక వివరాల పత్రంలో రాసి, రుణం తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. అంటే తెలుగులో అడగండి. సంతకం పెట్టకముందే అడగండి. సెల్‌ఫోన్‌లో ఐదు నిమిషాలలో అప్పు ఇచ్చే యాప్‌ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2020 చివరలో తెలంగాణలో ఈ యాప్‌ల వేధింపులు భరించలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఫోనులోని బంధుమిత్రుల నంబర్లన్నీ లాగి, వారందరికీ ఫలానావాడు దొంగ అని సందేశాలు పంపడమే ఆ వసూళ్ల పద్ధతి. ఫోనులోని నంబర్ల జాబితా జోలికి పోరాదని 2022లో రిజర్వు బ్యాంకు నిషేధించింది. నంబర్లు చూడటానికి అనుమతి అడిగే యాప్ ఆ క్షణంలోనే తన సంగతి చెప్పుకున్నట్లు.

బెదిరింపుల గురించి మరో మాట. నీ ప్రావిడెంటు ఫండు జప్తు చేయిస్తాను అని అప్పులవాళ్లు అంటూ ఉంటారు. అది వట్టి మాట. ప్రావిడెంటు ఫండును, గ్రాట్యుటీని అప్పు కింద కోర్టు సైతం జప్తు చేయదు. ఈ ఒక్క సంగతి తెలియక ఆస్తులు అమ్ముకున్న కుటుంబాలు ఉన్నాయి. అదేవిధంగా ఖాళీ ప్రోనోటు మీద సంతకం చేసేవారికి అందులో ఎదుటివాడు రేపు ఎంత అంకె వేసుకుంటాడో తెలియదు.

జామీను సంతకం విషయంలో మన మంచితనమే మన శత్రువు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం జామీనుదారు బాధ్యత అసలు అప్పు తీసుకున్నవాని బాధ్యతతో సమానం. ముందు అతన్ని అడిగి, తరువాత నన్ను అడగాలి అనే వాదన నిలవదు. సహకార సంఘాలు జామీను లేకుండా నడవవు, కనుక అసలే వద్దని మేము అనము. అతను కట్టకపోతే నేను కట్టగలనా అని ఇంట్లో కూర్చుని లెక్క వేసిన తరువాత సంతకం చేయాలి. టీ కొట్టు దగ్గర చేయకూడదు.

చీటీల గురించి అడుగుతారని తెలుసు. చీటీ చెడ్డది కాదు. కాలనీలో తెలిసినవారు వేసేది, రశీదు లేనిది, 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం కింద నమోదు కానిది అయితే, నిర్వాహకుడు రాత్రికి రాత్రి మాయమైతే చేతిలో ఏమీ ఉండదు. నమోదైన చీటీలో 2019 సవరణ ప్రకారం నిర్వాహకుని కమిషన్ గరిష్ఠంగా 7 శాతం. అదికాక పాటలో వదులుకున్నది ఉంటుంది. మొదటి నెలల్లో పాడుకున్నవారికి అది అప్పు, చివరిదాకా ఆగినవారికి పొదుపు. తాను ఏ పక్షాన ఉన్నాడో తెలియకుండానే చాలామంది చీటీ కడుతున్నారు.

వీటన్నిటికంటె మాకు నమ్మకం ఉన్నది సభ్యుల సొంత పొదుపు, పరపతి సంఘం మీద. 1974లో అహ్మదాబాదులో బుట్టలు మోసేవారు, కూరగాయలు అమ్మేవారు, ఇళ్లలో కుట్టుపని చేసేవారు నాలుగువేలమంది స్త్రీలు తలా పది రూపాయల వాటా వేసి సేవా సహకార బ్యాంకును స్థాపించారు. వారిలో ఎక్కువమందికి సంతకం రాదు. పాస్‌బుక్కుపై ఫోటో అతికించి ఆ చిక్కు విప్పారు. ఏళ్ల తరబడి వడ్డీ వ్యాపారి దయపై బతికిన స్త్రీలు తమ బ్యాంకులో తామే వాటాదారులయ్యారు. పది రూపాయలతో మొదలైనది అది. మన పని స్థలాలలో ఉన్న సంఘాలు చాలాచోట్ల అప్పులు ఇచ్చే కిటికీలుగా మాత్రమే మిగిలాయి. పొదుపు పద్దు నామమాత్రంగా ఉన్నది. జీతం పడిన రోజునే ఐదువందలో, మూడువందలో సంఘం పద్దుకో, పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌కో వెళ్లే ఏర్పాటు చేసుకున్నవారికి అది కనబడదు, కనుక ఖర్చు కాదు. ముందుగా ఒక నెల ఇంటి ఖర్చు కూడాలి. మిగిలిన ఆలోచనలు ఆ తరువాత.

ఇంకొక అలవాటు, చెప్పడానికి మొహమాటంగా ఉన్నా చెప్పక తప్పదు. తన జీతం ఎంతో, అప్పు ఎంతో ఇంట్లో చెప్పని పురుషులు మనలో చాలామంది ఉన్నారు. ఇల్లు నడిపేది ఆమె, లెక్క తెలియనిదీ ఆమెకే. అతను ప్రమాదంలో పోతే, ప్రావిడెంటు ఫండుతో ముడిపడిన డిపాజిట్ బీమా కింద గరిష్ఠంగా ఏడు లక్షల వరకు రావచ్చునని, అందుకు వేరే ప్రీమియం కట్టనక్కరలేదని ఆమెకు ఎవరు చెబుతారు? యు.ఏ.ఎన్. సంఖ్య ఏ కాగితం మీద ఉన్నదో కూడా తెలియని వితంతువులు మన కార్యాలయాలకు వస్తున్నారు. పెళ్లికి ముందు రాసిన నామినేషన్‌ను ఇరవై ఏళ్లయినా మార్చనివారి కుటుంబాలు వారసత్వ పత్రాల కొరకు నెలల తరబడి తిరుగుతున్నాయి. ఒక నోటుపుస్తకం చాలు: జీతం, అప్పులు, వాటి వడ్డీ రూపాయలలో, ఖాతాల సంఖ్యలు, నామినీల పేర్లు. అది ఇద్దరికీ తెలిసిన చోట ఉండాలి.

శాఖల కార్యదర్శులకు ఒక వినతి. వచ్చే జీతం రోజు సాయంత్రం సంఘ కార్యాలయంలో రెండు గంటలు ఒక బల్ల వేయండి. లెక్క వచ్చిన సభ్యుణ్ణి ఒకరిని కూర్చోబెట్టండి. వచ్చినవారి జీతపు చీటీని పాస్‌బుక్కుతో సరిచూడండి, వారు చెప్పిన అప్పులను రూపాయి వడ్డీలోకి మార్చి రాసి ఇవ్వండి. కాంట్రాక్టు కార్మికులు సభ్యులు కాకపోయినా వారి చీటీలు కూడా చూడండి, చీటీయే ఇవ్వడం లేదంటే ఆ పేర్లు వేరుగా రాసుకోండి. జమ కాని కోతల జాబితా కాంట్రాక్టరు పేరు వారీగా ఈ నెలాఖరులోగా సమాఖ్య కార్యాలయానికి చేరితే, ప్రాంతీయ ప్రావిడెంటు ఫండు కమిషనరు వద్దకు అన్ని శాఖల పక్షాన ఒకే వినతిపత్రంతో వెళతాము. నామినేషన్ మార్చుకునే వివరాలు తెలుగులో రాసిన కాగితాలు తలుపు దగ్గర బల్లపై ఉన్నాయి, వెళ్లేటప్పుడు తలా ఒకటి తీసుకోండి.